మిషినవ్వ పంపిన సీతాఫలాలు

నాకు ఇరవై రెండేళ్లున్న ఆ కాలంలో, లక్సెట్టిపేటలో మా చర్చి సంఘంలో ఎవరు కన్నుమూసినా రెండిళ్లకు కబురు పోయేది. ఒకటి పెట్టె చేసే వడ్లాయన ఇంటికి, రెండోది మా ఇంటికి. వడ్లాయన పెట్టె చేసేవాడు, నేను జీవిత చరిత్ర రాసేదాన్ని. ఇద్దరిలో ఎవరు పనిమంతులని ఇప్పుడు నన్నడిగితే ఆలోచించకుండా వడ్లాయన పేరే చెబుతాను. ఆయన కనీసం టేపు పట్టుకొని పోయి, మనిషి పొడవెంతో వెడల్పెంతో కొలుచుకొని వచ్చి, ఆ తర్వాతే చెక్క మీద రంపం పెట్టేవాడు. నేను ఆ మాత్రం కూడా చేయలేదు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది, కాసేపటికి నవ్వొస్తుంది, చివరికి ఆ రెండూ పోయి ఒక సీతాఫలాల సంచి మిగులుతుంది. ఆ సంచి సంగతే ఇది.

మా ఆచారం తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. మనిషి పోతే, పెట్టె మూత బిగించే ముందు, అందరూ చుట్టూ కూర్చున్నాక, ఒకరు లేచి నిలబడి ఆ మనిషి జీవిత చరిత్ర చదువుతారు. ఎక్కడ పుట్టారు, ఎవరి బిడ్డ, ఏ బడిలో చదివారు, ఎవరిని పెళ్లాడారు, ఎలా బతికారు, ఎలా పోయారు. ఒక పేజీ, మహా అయితే పేజీన్నర. అది చదివేటప్పుడు ఎవరూ మధ్యలో మాట్లాడకూడదు. పాస్టరు అయ్యగారి ప్రసంగంలో కునుకు తీసేవాళ్లు, పాటల మధ్యలో పిల్లల్ని కసిరేవాళ్లు కూడా దాన్ని మాత్రం నోరు మూసుకొని వింటారు. పోయినవాళ్లతో పాతికేళ్లుగా పగబట్టి ఉన్న మనిషైనా తల వంచుకొని వినాల్సిందే. (బతికున్నప్పుడు మన గురించి పేజీన్నర సేపు ఎవరు వింటారు చెప్పండి.) అంత బరువైన పని నా చేతికి ఎందుకొచ్చిందంటే, నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని. డిగ్రీ అయిపోయి, బి.ఎడ్. సీటు కోసం ఎదురు చూస్తూ, ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెబుతున్నాను. మా బాపు సంఘపెద్ద. అంతకుమించిన అర్హతలు ఎవరూ అడగలేదు, నేనూ సంపాదించుకోలేదు.

నా పద్ధతి చాలా సులువు. కబురు రాగానే ఒక చాయ తాగి, రూళ్ల కాగితం ముందు పెట్టుకొని, అరగంటలో లేచేదాన్ని. 'భక్తిగల కుటుంబమునందు జన్మించి, బాల్యము నుండియే దైవభయము కలిగి, వేకువనే లేచి ప్రార్థించుచు, అతిథులను ఆదరించుచు, మత్తుపదార్థములకు దూరముగా నుండి...' ఈ వరుస నా చేతికి అలవాటైపోయింది. పేరు, ఊరు, పిల్లలెందరో మారిస్తే చాలు. ఈ వరుసలో ఇమడని మనిషి మా సంఘంలోనే లేడని నా ధీమా. ఆ ధీమాతోనే మా కల్లు తాతది కూడా రాసి పారేశాను. ఆయనకు ఆ పేరు ఊరికే రాలేదు. పొద్దెక్కితే తప్ప లేవని మనిషి, లేస్తే నేరుగా ఈతవనం దారి పట్టే మనిషి. నేను గంభీరంగా 'వేకువనే లేచి' అని చదవగానే వెనక వరుసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. 'మత్తుపదార్థములకు దూరముగా' దగ్గరికి వచ్చేసరికి పాస్టరు అయ్యగారు కళ్లు మూసుకున్నారు. ప్రార్థన చేసుకుంటున్నారనుకున్నాను. అంతా అయ్యాక తాత భార్య నా దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకొని, ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో చాలా మర్యాదగా అడిగింది.

"బిడ్డా, నువ్వు చదివింది ఎవలి గురించి?"

నాకు సిగ్గేసిందా అంటే, వేయలేదు. దుఃఖంలో ఉంది, సరిగా విని ఉండదు పాపం, అనుకున్నాను. అంత మొద్దుబారి ఉన్నాను నేను ఆ రోజుల్లో.

ఈ చావులన్నింటికీ వచ్చి, ముందు వరుసలో కూర్చొని, ఒక చెవి నా వైపు పెట్టి వినే ముసలామె ఒకామె ఉండేది. ఆమే మిషినవ్వ. డెబ్బై దాటిన మనిషి. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. చెక్క పెట్టెలో పెట్టుకునే చేతి మిషను ఒకటి ముందేసుకొని మా వాడకట్టు ఆడవాళ్లందరికీ లంగాలు, రైకలు కుట్టిపెట్టేది. ఆ మిషను వెనక పెద్ద తగాదా ఉంది. మిషినవ్వా, ఆమె చెల్లెలూ చిన్నప్పుడు ఒక తెల్ల దొరసానమ్మ నడిపిన బోర్డింగులో చదువుకొని, అక్కడే కుట్టుపని నేర్చుకున్నారు. దొరసానమ్మ తన దేశానికి వెళ్లిపోతూ ఆ మిషను ఇచ్చి పోయింది. ఎవరికిచ్చింది అన్నదే తగాదా. అక్క నాకే అంటుంది, చెల్లె నాకే అంటుంది. అక్కను లక్సెట్టిపేటలో ఇచ్చారు, చెల్లెను మెట్‌పల్లిలో ఇచ్చారు. మిషను మాత్రం అక్కతోనే వచ్చింది. అప్పటి నుంచి నలభై ఏళ్లకు పైగా ఇద్దరికీ మాటల్లేవు. ఏదైనా పెళ్లిలో ఎదురుపడితే ఒకామె ఆడపిల్లవాళ్ల వైపు, ఇంకొకామె పిల్లగానివాళ్ల వైపు కూర్చునేవారు. పొరపాటున ఒకే బంతిలో పడితే, మధ్యలో కూర్చున్నవాళ్లకు అన్నం సహించేది కాదు. "గామెకు ఉప్పు కావాలెనేమో అడుగు" అని ఈమె అంటే, "నాకేమద్దని చెప్పు" అని ఆమె అనేది. చేయి చాపితే అందేంత దూరంలో కూర్చొని.

కల్లు తాతను మట్టి చేసిన వారానికి మిషినవ్వ మా ఇంటికి వచ్చింది. బాపు, నేను అరుగు మీద కూర్చొని ఉన్నాం. వచ్చి కూర్చొని, చెమట తుడుచుకొని, రైక కొలత ఇచ్చినంత మామూలుగా సంగతి చెప్పింది.

"బిడ్డా, నేను పోయిన్నాడు నా గురించి గూడ నువ్వే చదువుతవు గదా. గదేందో ఇప్పుడే రాయి. నేను ఇని పోత."

బాపు నవ్వు ఆపుకోవడానికి ఇంట్లోకి వెళ్లిపోయాడు. నాకు మాత్రం మహా గర్వంగా అనిపించింది. బతికున్న మనిషి వచ్చి రాయించుకోవడమంటే మాటలా. కానీ మిషినవ్వ షరతులు మిషినవ్వకున్నాయి. వేకువనే లేచే మాట తనకు పెట్టొద్దంది. తను నిజంగానే నాలుగింటికి లేస్తుందట, కానీ కల్లు తాత కూడా లేచాక ఇంక ఆ మాటకు విలువ లేదంది. మిషను సంగతి మాత్రం తప్పకుండా ఉండాలంది. దొరసానమ్మ తనకే ఇచ్చిందనీ, చెల్లెకు ఇయ్యలేదనీ విడమరిచి రాయాలంది. తను పోయిన రోజు చెల్లె ఎలాగూ వస్తుంది, వచ్చి ముందర్నే కూర్చుంటుంది, అప్పుడు ఆ మాట చదవాలి, మధ్యలో మాట్లాడడానికి లేదు కదా. నలభై ఏళ్ల తగాదాను చచ్చిపోయి గెలుద్దామని ముసల్ది వేసిన ఎత్తుకు నేను నోరెళ్లబెట్టాను. అంతా చెప్పి లేచి, రెండు మెట్లు దిగి, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది.

"నా చిన్నప్పటి ముచ్చట్లు నాకన్న దానికే మంచిగ యాదుంటయి. ఓసారి మెట్‌పల్లికి పోయి దాన్ని గూడ అడిగి రా, బిడ్డా. అడిగినంకనే రాయి."

గంట తర్వాత మళ్లీ వచ్చింది. చేతిలో రంగురంగుల పీలికలతో తనే కుట్టిన సంచి. నిండా సీతాఫలాలు, ఒక్కొక్కటి పిడికిలికి మించి ఉన్నాయి. ఉత్త చేతులతో పోవద్దంది. తను ఇచ్చానని చెప్పకపోయినా మంచిదే అంది. కొంచెం ఆగి, చెప్పినా మంచిదే అంది.

ఆమె పోయాక బాపు నాకు ఒకటే మాట చెప్పాడు. "రాసుడు ఒక పూట పని. ముందుగాల పోయి అడిగి రా. రేపే పో." పోతాననే అన్నాను. మరునాడు ఎండగా ఉంది. ఆ మరునాడు బడిలో ఏదో పరీక్ష. ఆదివారం ఎలాగూ కుదరదు. రాయపట్నం వంతెన దాటి, ధర్మపురి మీదుగా జగిత్యాల పోయి, అక్కడ బస్సు మారి, ఒక ముసలామె దగ్గర కూర్చొని ఆమె చిన్నప్పుడు ఏ చెట్టెక్కిందో, ఏ పాట పాడిందో రాసుకొని రావడమంటే, నాలాంటి రచయిత్రికి (అలాగే అనుకునేదాన్ని) చిన్నతనంగా తోచింది. అడగడమనేది రాయడం చేతకానివాళ్ల పని అని నా గట్టి నమ్మకం. ఈలోగా సంచిలో పండ్లు పగలడం మొదలుపెట్టాయి. మాగిన పండును ఎన్నాళ్లు ఉంచుతాం. మొదటిది నేను తిన్నాను, పాడైపోతోందని. రెండోది బాపుకిచ్చాను. తిట్టుకుంటూనే తిన్నాడు. నాలుగో రోజుకు సంచి ఖాళీ. అరుగు మీద కూర్చొని, గింజలు కింద మట్టిలోకి ఊస్తూ, అరగంటలో మిషినవ్వ జీవిత చరిత్ర రాసేశాను. వేకువనే లేవడం తీసేసి, ఆ జాగాలో మిషను పెట్టాను. 'దొరసానమ్మగారు స్వదేశమునకు వెళ్లునప్పుడు, ఈమె కుట్టుపనిని మెచ్చి, తన మిషనును స్వహస్తములతో ఈమెకే ఇచ్చెను. అది ఈమెకే గాని ఈమె తోడబుట్టినవారికి ఇయ్యబడలేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది.' చివరి ముక్క బడి నోటీసుల్లోంచి తెచ్చాను. చాలా ఘనంగా ఉందనుకున్నాను.

ఆ సాయంత్రమే పోయి చదివి వినిపించాను. మిషినవ్వ మొదటి వాక్యం కూడా కాకముందే చెయ్యి ఎత్తి ఆపింది. మెట్‌పల్లికి పోయి వచ్చావా అని అడిగింది. అప్పుడు లేదని చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది, నా బతుకూ కాస్త తేలికగా ఉండేది. నేను పోయొచ్చానన్నాను. అబద్ధం నోట్లోంచి ఎంత నున్నగా వచ్చిందో, చేయి తిరిగిన దానిలాగా.

"ఏమన్నదే?"

"ఏమనలే అవ్వా. మంచిగున్నది."

"మిషిను సంగతి ఏమన్న తీసిందా?"

"తియ్యలే."

ఆమె చేతిలో సూది ఆగిపోయింది. గొంతు తగ్గించి అడిగింది. "పండ్లు తీసుకున్నదా?"

"తీసుకున్నది."

"అన్నీ?"

"అన్నీ అవ్వా."

ఆ ముసలి మొహం వెలిగిపోవడం నేను కళ్లారా చూశాను. ఆ వెలుగు నా రాత చూసి వచ్చిందనే అనుకున్నాను, అదీ నా తెలివి. మిగతా కాగితం ఆమె సరిగా విననే లేదు. మిషను వాక్యం దగ్గర మాత్రం, ఆ మాట ఇప్పటికి ఉండనీ, తర్వాత మారుద్దాంలే అంది. చెల్లె పండ్లు తీసుకుంది కాబట్టి ఒకసారి తనే మెట్‌పల్లి పోయి వస్తానంది. అయితే ముందంతా క్రిస్మస్ కుట్లు. వాడకట్టు కొత్త బట్టలన్నీ ఆమె నెత్తిమీదే. క్రిస్మస్ పోయినంక పోతానంది. ఆ రెండు నెలలూ ఆమె ఎవరితోనూ చెప్పకుండా మధ్య మధ్యలో ఒక నీలం రైక కుట్టడం నేను చూశాను. ఎవరిదని అడిగితే, నలభై ఏళ్ల కిందటి కొలత, సరిపోతదో లేదో, అంది. నేను నవ్వాను. అంతకుమించి అడగలేదు. అడిగే అలవాటే లేదు కదా నాకు.

కొత్త సంవత్సరం వచ్చిన మూడో రోజు పొద్దున, మెట్‌పల్లి నుంచి పక్కింటి ఫోనుకు కబురొచ్చింది. మిషినవ్వ చెల్లెలు నిద్రలోనే పోయింది. మధ్యాహ్నం రెండింటికి మట్టి. బాపు అద్దె జీపు మాట్లాడాడు. మిషినవ్వ ముందు సీటులో కూర్చుంది, ఒళ్లో చిన్న కాగితం పొట్లం. దారంతా ఒక్క కన్నీటి చుక్క లేదు. వెనక కూర్చున్న నాకు మాత్రం ప్రాణం ప్రాణంలో లేదు. నా భయం చావు గురించి కాదండీ, పండ్ల గురించి. అక్కడ ఆ ఇంటి కోడలిని పట్టుకొని, మా చెల్లె సీతాఫలాలు తిన్నదా అని ఈమె ఒక్క మాట అడిగితే నా పని ఏమిటి? బాపు నా వైపు చూశాడు. ఆయనకూ అదే భయం. తిన్నవాళ్లం ఇద్దరమూ కదా.

మెట్‌పల్లిలో దిగామో లేదో, చనిపోయినామె కొడుకు వచ్చి బాపు చేతులు పట్టుకున్నాడు. నా పేరు అక్కడిదాకా పోయిందట. తల్లి గురించి నాలుగు మాటలు రాసి చదవమన్నాడు. చేతిలో గంట కూడా లేదు. ఇల్లంతా ఏడుపు, ఎవరిని ఏమడుగుతాం అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. (కొడుకు ఎదురుగానే నిలబడి ఉన్నాడు. అడిగితే చెప్పేవాడే.) నా సంచిలో మిషినవ్వ కాగితం ఉండనే ఉంది. అక్కాచెల్లెళ్లు కదా, తల్లిదండ్రులు ఒకరే, పుట్టిన ఊరు ఒకటే, బోర్డింగు ఒకటే. ఎవరో నా కోసమే రాసిపెట్టినట్టు కుదిరింది. ఒక మూల కూర్చొని దింపుకోవడం మొదలుపెట్టాను. పేరు ఉన్నచోటల్లా పేరు మార్చాను, లక్సెట్టిపేట ఉన్నచోట మెట్‌పల్లి రాశాను, భర్త పేరు మార్చాను, పిల్లలు లేరన్న చోట ఒక కొడుకును పెట్టాను. చేయి రాస్తూనే ఉంది, కళ్లు మాత్రం పెట్టె పక్కన కూర్చున్న మిషినవ్వ పెదాల మీదే ఉన్నాయి, ఎక్కడ ఆ కోడలితో మాట కలుపుతుందోనని. ఆమె మాట కలపలేదు. పొట్లం విప్పి, ఆ నీలం రైకను చెల్లె చేతి పక్కన పెట్టి, మడత సరిచేసింది. అంతే.

లేచి నిలబడి చదవడం మొదలుపెట్టాను. పుట్టింది, బోర్డింగులో చేరింది, కుట్టుపని నేర్చింది. గొంతు కూడా బాగానే పలికింది. 'దొరసానమ్మగారు స్వదేశమునకు వెళ్లునప్పుడు' అని నా నోరు అనేసిన తర్వాత నాకు తెలిసింది, నేనెక్కడికి పోతున్నానో. ఆ వాక్యంలో ఎవరి పేరూ లేదు. అంతటా 'ఈమె', 'ఈమె' అనే ఉంది. మార్చడానికి పేరు లేకపోవడంతో ఒక్క అక్షరం మారకుండా దిగిపోయింది. ఆపుదామంటే నోరు ఆగలేదు. మూడువందల మంది చెవులు నిక్కించి వింటున్నారు. పెట్టెలో ఉన్నామెకే మిషను ఇచ్చారనీ, ఆమె తోడబుట్టినవారికి ఇయ్యబడలేదనీ, ఇందుమూలముగా తెలియజేశాను.

కోడలు పెట్టె మీద పడి ఘొల్లుమంది. "ఇన్నవానే అత్తా, నీ మిషిను నీకచ్చిందే" అని ఆమె ఏడ్చిన ఏడుపుకు మెట్‌పల్లి ఆడవాళ్లందరూ ఏడ్చారు. ముసలామె బతికినన్నాళ్లూ చెప్పిన మాటను లక్సెట్టిపేట వాళ్లే వచ్చి, నలుగురిలో, కాగితం మీద ఒప్పుకున్నారని వాళ్లకు అర్థమైంది. మిషినవ్వ చచ్చి గెలుద్దామనుకున్న తగాదాను ఆమె కళ్లముందే చెల్లె చచ్చి గెలిచింది. మిషినవ్వ ఏమీ అనలేదు. మధ్యలో మాట్లాడరాదు కదా. కొంగు నెత్తిమీదికి లాక్కొని, చెల్లె మొహం చూస్తూ కూర్చుంది. నేను మిగతాది ఎలా చదివానో, అసలు చదివానో లేదో, నాకు ఇప్పటికీ తెలియదు. భూమి పగిలితే పోదామనిపించింది. పగల్లేదు.

తిరుగు ప్రయాణంలో ధర్మపురి దాటాం. వంతెన ఎక్కాక, కింద గోదావరి కనిపిస్తుండగా, మిషినవ్వ వెనక్కి తిరగకుండానే అడిగింది.

"గా మాట కావాల్నని చదివినవా, పొరపాటున చదివినవా?"

"పొరపాటున అవ్వా" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"మంచిది. పొరపాటుననన్న నిజం చదివినవ్."

ఆమే మెల్లగా చెప్పుకుపోయింది. దొరసానమ్మ ఇచ్చింది చెల్లెకే. అప్పటికి తను పెళ్లయి అత్తగారింటికి పోతోంది, ఒక్క ఏడాది కుట్టుకొని తిరిగి ఇస్తానని తీసుకుంది. ఏడాది రెండేళ్లయింది, అడిగితే కోపమొచ్చింది, కోపమొచ్చాక నాదే అనడం సులువైంది. అనగా అనగా తనే నమ్మింది. ఈ మధ్య నమ్మకం పోయింది. చెప్పే నోరు లేక, నన్ను పంపింది. నేను పోయి అడిగితే చెల్లె ఎలాగూ నిజం చెబుతుంది, అది నేను తెచ్చి వినిపిస్తే, సరే అట్లనే రాయి అందామని. "అయినా ఇగ నాకు ఫికర్ లేదు బిడ్డా. నా పండ్లు తీసుకున్నది. మిషిను మాట తియ్యలే. అంటే కడుపుల ఏం పెట్టుకోలే."

చెప్పాల్సిన క్షణం అదే. బాపు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, చెప్పమనో, వద్దనో నాకు తెలియలేదు. నేను చెప్పలేదు. జీపు వంతెన దిగిపోయింది. ఆ రెండు నెలల్లో ఏ రోజైనా నేను బస్సెక్కి ఉంటే ఇద్దరూ బతికుండగానే మాట కలిసేది. అరగంట పని కోసం నేను ఎగ్గొట్టింది ఒక పూట ప్రయాణం. దానికి ఎంత ఏడ్చానో లెక్కలేదు.

తర్వాత మిషినవ్వది మళ్లీ రాశాను. ఈసారి అడిగాను. ఆదివారం ఆదివారం ఆమె దగ్గర కూర్చొని, నోటుబుక్కు నింపాను. వాళ్ల పుట్టిన ఊరికి పోయాను. వాళ్లతో బోర్డింగులో చదివిన ఒకామె ఆదిలాబాద్‌లో కొడుకు దగ్గర ఉందని తెలిసి, అక్కడికీ పోయాను. పత్తి మిల్లు వెనక ఇల్లు, మాటల్లో సగం మరాఠీ. "మిషిను చిన్నదానికే ఇచ్చింది బాయి. పెద్దదాని కుట్లు చూస్తె దొరసానమ్మకు తలకాయ నొచ్చేది" అంది. ఇది వచ్చి చెబితే మిషినవ్వ పళ్లు లేని నోటితో చాలాసేపు నవ్వింది. మూడు నెలలు అడిగి, ఒక పూటలో రాశాను. ఆశ్చర్యమేమంటే, ఈసారి నా చేతి వరుస ఎక్కడా పనికి రాలేదు, అన్నీ ఆమె మాటలే వచ్చాయి. 'మిషను నా చెల్లెకు ఇచ్చిరి. నేను ఉంచుకొంటిని.' ప్రతి సంగతీ ఇద్దరినడిగి సరిచూసుకున్నాను. వడ్లాయన కూడా అంత కొలిచి ఉండడు.

చదివి వినిపిస్తే ఆమె అంతా విని, చివర ఒక వాక్యం కలపమంది. 'నా చెల్లె ఆఖరు సంవత్సరమున నేను పంపిన సీతాఫలములను అన్నియు తీసుకొనెను.' నా చెయ్యి కదలలేదు. అది అంత అవసరమా అవ్వా అని గొణిగాను. "గది లేకుంటె మిగిలిందంత ఎందుకే?" అంది. రాశాను. గుండ్రటి దస్తూరీతో.

నాలుగేళ్లకు మిషినవ్వ పోయింది. ఆమె పెట్టె పక్కన నిలబడి ఆ కాగితం చదివాను. నా జన్మలో అంత తయారై రాసింది ఇంకొకటి లేదు, అందులో ఒకే ఒక్క అబద్ధం, అది నాది. దగ్గేవాళ్లు లేరు, కళ్లు మూసుకున్నవాళ్లు లేరు. నేను చదివింది ఎవరి గురించని ఎవరూ అడగలేదు. మెట్‌పల్లి నుంచి కోడలు వచ్చింది. మట్టి అయ్యాక నా దగ్గరికి వచ్చి, కళ్లు తుడుచుకొని, అవును చెల్లే, అత్త తిన్నది, నాకు మంచిగ యాదున్నది, గింజలు నేనే పారబోసిన, అంది. ఆమె అబద్ధమాడడం లేదు. అదే వింత.

ఆ గింజలు మా అరుగు కింద పడ్డాయి. వాటిలో ఒకటి మొలిచింది. బాపు దాన్ని పీకనివ్వలేదు. ఇప్పుడు బాపు లేడు, చెట్టుంది, ఏటా కాస్తుంది. నేను బి.ఎడ్. చేసి, తెలుగు పంతులమ్మనై, జుట్టు నెరిసిన మనిషినయ్యాను. మా బడి పిల్లలు వ్యాసం రాయమంటే వెంటనే పెన్ను తీస్తారు. పెన్ను మూసి పోయి అడిగి రండి అంటాను. గొణుక్కుంటూ పోతారు. ఈ టీచర్‌కు చాదస్తమని వాళ్లు నా వెనక అనుకోవడం నాకు తెలుసు. అనుకోనీ.

ఈ ఏడు కాత బాగుందని, ఒక సంచి నింపుకొని మెట్‌పల్లి బస్సెక్కాను. జగిత్యాలలో బస్సు మారాను. అంత కష్టమేమీ కాదు, ఎక్కగానే సీటు కూడా దొరికింది. కోడలు ఇప్పుడు తనే ముసలామె అయింది. గుమ్మంలో కూర్చోబెట్టి, ఒక పండు విప్పి, గింజ గింజా తీసుకుంటూ నెమ్మదిగా తిన్నది.

"మంచిగున్నయి చెల్లే" అంది. "గని గప్పుడు మీ అవ్వ పంపినయి ఉండె చూడు, గవే తీపి. గసొంటియి మల్ల దొరకలే."

నేను నవ్వాను. నిజమే అక్కా, అవి చాలా తీయగా ఉండేవి అన్నాను. తిన్నదాన్ని, నాకు తెలియదా.